మీటరు మీద ఇరవై

మెహదీపట్నం ఆటోలో ఎఫ్ఎం.
రెండో చరణానికి ముందు వచ్చే ఫ్లూటు
నాది.
ముప్పై ఏళ్ల కిందట, అమీర్‌పేట స్టూడియోలో
ఒక్క కాల్షీటు, మూడొందల యాభై;
వోచరు మీద ఎ. దేవసహాయం అని సంతకం.
చాయ్ వాళ్లదే.

పొద్దున పేపర్లో చూశాను:
పాటల కంపెనీ గంటకింతని అడుగుతోందట,
రేడియో వాళ్లు అంత ఇచ్చుకోలేమంటున్నారట.
వాయిదా పడింది.
ఇద్దరి లెక్కల్లోనూ
చిట్లిన నా కింది పెదవి లేదు.

"భయ్యా, జర సౌండ్ పెంచు."
లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర
ఫ్లూటు కన్నా ముందు ఓ చిన్న ఊపిరి వినబడింది,
రికార్డిస్టు తుడవడం మరిచింది.
వోచర్లో దాని ఊసే లేదు.

అంతలో సిమెంటు ప్రకటన.

దిగేటప్పుడు మీటరు మీద ఇరవై అడిగాడు.
ఎలా అడగాలో
చూసి నేర్చుకుంటూ
ఇచ్చాను.