నలభై ఏడో గొట్టం

మైనస్ ఎనభై పెట్టె తెరిచాక
మంచుపొగ ముంజేతుల మీంచి జారిపోయేదాకా
మాట్లాడను. అలవాటు.
ఇరవై రెండేళ్లుగా ప్ల్జెన్‌లో, ఈ నేలమాళిగలో
పేర్లు లేనివాళ్లతోనే నా ఉదయాలు.

ఇవాళ్టి సంచీ మీద: రెండువందల పంతొమ్మిది.
పురుషుడు. డెబ్భై ఆరు. పోయిన ఏడు గంటలకు మాకు అందాడు.
వృత్తి అన్న గడిలో వంకర పెన్సిలు రాత:
క్రాస్లిత్సెలో ఇత్తడి బాకాలు చేసేవాణ్ణి.
దాని కింద, ఎవరూ అడక్కుండానే,
ఊదడం మాత్రం రాదు.

నలభై గ్రాములు తూచాను.
బూడిదరంగు పదార్థమని పుస్తకాల్లో రాస్తారు గానీ
కరుగుతున్నప్పుడు అది లేత గులాబీ.
నత్రజని వదులుతూ రుబ్బాలి.
మేం వెతికేది గాలి సోకితే పాడవుతుంది.
అదే గొట్టాన్ని మరుగుతున్న నీళ్లలో ముంచితే
తక్కిన ప్రొటీన్లన్నీ విరిగిన పాలలా ముద్దకడతాయి,
ఇది చెక్కుచెదరదు.
గాలికి ఓర్వనిది, వేడికి ఓర్చుకుంటుంది.
మా అత్తగారూ అంతే.

చలిగదిలో నిలువెత్తు గాజు స్తంభం.
లోపల తెల్లటి పూసలు.
పెద్ద ప్రొటీన్లు పక్కనుంచి దర్జాగా దిగిపోతాయి.
చిన్నవి కనబడ్డ ప్రతి పూస గుమ్మంలోకీ దూరి
పలకరించి, కూర్చుని, లేచి
ఎప్పటికో వస్తాయి.
చుక్క. చుక్క. గొట్టం మారుతుంది.

అతినీల కాంతిలో కొలిస్తే
నలభయ్యో గొట్టం తర్వాత గీత పడుకుంటుంది.
'ఏమీ లేదు' అని రాసి
సింకులో పోసేసేదాన్ని.
ఎంతమందివి పోశానో లెక్కలేదు.

వీత్, ఇంకా డాక్టరేటు రాని కుర్రాడు,
చెయ్యి పట్టుకుని ఆపాడు.
ఆ కాంతిని పట్టే ముక్కలు దీన్లో లేవండీ,
మంటని అడుగుదాం.

నలభై ఏడో గొట్టం మంటలోకి పీల్చింది ఒక బొట్టు.
రాగి దీపం పెట్టాం, ముల్లు లేచింది.
జింకు దీపం పెట్టాం, మళ్లీ లేచింది.
తర్వాత వారాల పని: అరవై ఎనిమిది ముక్కల గొలుసు,
ఇరవై చోట్ల గంధకపు వేళ్లు,
గుప్పిట్లో నాలుగు రాగి, మూడు జింకు.
వీత్ 'ఇత్తడి' అన్నాడు,
చర్చిలో దగ్గినవాడిలా.

డిసెంబరులో కూతురు ఫోన్ చేసింది. యర్మిల.
నాన్న రుమాలు ఎప్పుడూ పచ్చబడి ఉండేదండీ,
ఆ పొడి తలకెక్కే అన్నీ మరిచిపోయాడా?
కాదన్నాను. ఇది ఆ పొడి కాదు.
మీకూ ఉంటుంది, నాకూ, బస్సు డ్రైవరుకీ.
పట్టుకుంటుంది, అడిగితే వదులుతుంది.
మరిచిపోవడం సంగతి
ఆ గొట్టంలో దొరకలేదమ్మా.

కాసేపు గీత పడుకుంది.
తర్వాత అడిగింది, ఊదడం రాదని రాశాడా?
రాశారు.
అబద్ధం. తలుపేసుకుని ఊదేవాడు రాత్రిళ్లు.
ఘోరంగా. చాలా ఘోరంగా.

ఇప్పుడు వంద దాకా ఏ గొట్టమూ పారబొయ్యను.
అయినా సింకు కడిగేటప్పుడు
నీళ్లు కాస్త నెమ్మదిగా తిప్పుతాను.

కొత్త సంచీ వచ్చింది. రెండువందల ముప్ఫై ఒకటి.
వృత్తి గడి ఖాళీ.
పెన్సిలు చెక్కుకుని కూర్చున్నాను,
దేనికో తెలీదు.