బొటనవేలి చివర

పీటర్‌హెడ్ రేవులో, చేపల షెడ్డు పక్కన,
లైబ్రరీ మేడ మీద
మంగళవారం రాత్రి ఆరుగురే నాకు.
సాల్మన్ కాదు, సామన్ అన్నాను.
ఎల్ రాస్తాం, పలకం.
రోజుకు మూడొందల చేపలు కోసే కిదానె
పగలబడి నవ్వాడు:
"మేం ముల్లు తీసి పారేస్తాం.
మీరేంటి, ముల్లుతోనే వడ్డిస్తారు?"

మరి నైఫ్ ముందు ఆ కె?
మా ముత్తాత పలికేవాడట, కత్తి నూరుతూ,
క్నైఫ్ అని.
నోరు మానేసింది. చెయ్యి మానలేదు.

ఎరిట్రియాలో వాళ్ల లిపి
రాసిందల్లా పలుకుతుందట,
ఒక్క అక్షరమూ ఊరికే కూర్చోదట.

థంబ్ దగ్గర ఆగాం.
చివరి బి నోట్లో నాలుక లేనిది, అన్నాను,
ఉంటుంది, అంతే.

అతను ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు.
బొటనవేలు మొదటి కణుపు దాకానే.
నిరుడు జనవరిలో మిషన్ తినేసింది.
"ఇది తిరగబడ్డ బి, టీచర్.
లేదు.
చలి ముదిరితే మాత్రం
రాత్రంతా మాట్లాడుతుంది."

పై మంగళవారం డిక్టేషన్.
నలుగురు కె మరిచారు.
బి ఎవరూ మరవలేదు.