ఖాళీ గడి

బిస్మార్క్‌లో మూడోరోజూ మంచు.
అర్ధరాత్రికి గడువు.
ఆర్డిస్ హాల్వర్‌సన్ తడిసిన బూట్లు విప్పి
హీటరు పక్కన పెట్టి
ఎవరో అభ్యర్థి చందాల చిట్టా సరిచూస్తోంది.

పొద్దున ఒక లాబీయిస్టుతో పేచీ:
శాసనసభ్యుడు తిన్న మాంసం పరిమితిలోనే ఉంది,
గీత దాటించింది ఆ పైన తెప్పించిన ఆపిల్ పై.
"పై సంగతి మర్చిపోదురూ" అన్నాడు.
"తిన్నాయన మర్చిపోవచ్చు.
రాసేదాన్ని, నాకు కుదరదు."

ఇప్పుడు మిగిలింది ఒక్క గడి.
టోర్‌వాల్డ్ లిండ్, మైనాట్. రెండువందల యాభై డాలర్లు.
వృత్తి: ఖాళీ.
అడగాలంటుంది చట్టం. అడిగింది.

"ధాన్యం గిడ్డంగిలో తూకం చూసేవాణ్ణి.
అక్టోబరులో మూసేశారు."
ఫోనులో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.
"చూస్తున్నాడు అని రాయొచ్చా?
పని కోసం, అని."

ఆ మాటకి ఫారంలో చోటు లేదు.
నిరుద్యోగి, అని కొట్టింది.
కొట్టి, దానికేసి చూస్తూ
ఏ నిబంధనా అడగమనని మాట అడిగింది:
"డబ్బు వెనక్కి కావాలా?"

"తూకమయ్యాక
బస్తా విప్పకూడదమ్మా."

పదకొండూ యాభై రెండుకి పంపింది.
రసీదు నంబరు వచ్చింది.
బూట్లు ఇంకా ఆరలేదు.