సగం తరిగే దాకా

పీణ్య మూడో ఫేజు, రాత్రి షిఫ్టు.
సీసాలో తోరియం ఫ్లోరైడు.
ముగ్గుపిండిలా ఉంటుంది,
నీళ్లలో కరగమంటే కరగదు.

ఆక్సైడుకి కొలిమిలో
ఎముకలు కొరికే ఆవిరి తాగిస్తే
ఇలా కుదురుకుంటుందట.
కరిబసప్ప చెప్పాడు, మాస్కులోంచి, సగం కన్నడంలో.

గాలి తోడేసిన గాజుగంట కింద
చిన్న లోహపు పడవలో కాగి
నల్లటి కటకం మీద పొరై వాలింది,
వెంట్రుకలో నలభయ్యో వంతు.

వేడిని చూసే కెమెరాకి బిగించాం.
బల్లమీంచి నేనెప్పుడో తీసేసిన అరచెయ్యి
తెరమీద ఇంకా వెలుగుతోంది,
ఒక్కో వేలే చల్లారుతూ.

ఆ పొరలో తోరియం సగం తరగడానికి
పధ్నాలుగు వందల కోట్ల ఏళ్లు.
నా చేతికి పదకొండు సెకన్లు,
కరిబసప్ప లెక్కపెట్టాడు.

మళ్లీ పెట్టు, అన్నాడు.