పాదాల ఎత్తు నుంచి

అవైరోలో మా నాటకశాల వేదిక అంచున
బోర్లించిన గంపలాంటి చెక్క గూడొకటుంది.
ఇరవయ్యారేళ్లుగా అందులో కూర్చుని
మరిచిపోయినవాళ్లకి మాట అందిస్తున్నాను.
నా పేరు యులాలియా. కరపత్రంలో వెయ్యరు.

జనం ముఖాలు చూస్తారు.
నాకు దక్కేవి పాదాలు, చీలమండలు,
అంచు కుట్టు ఊడిన గౌన్లు,
ఎవరో ఒకరు రోజూ తట్టుకునే ఆ ఒక్క మేకు.

నాటకం మూడొందల ఏళ్లది. అయిదంకాలు.
ఉప్పు మడులు మూతపడ్డాక, నవంబరు పొగమంచులో ఆడతాం.
ఒసోరియు ఉప్పు వర్తకుడు, తూకంలో దొంగ.
చెల్లెలు ఫిలిపా, అతను చెప్పింది చెప్పినట్టు
పద్దుపుస్తకంలో దించే పిల్ల.
మడిలో మునిగి చచ్చిన కూలివాడి పెళ్లాం
మొదటి అంకంలో గుమ్మం బయటే నిలబడుతుంది.
ఆమెకి చెప్పుల్లేవు. మాటలూ పెద్దగా లేవు,
అందుకే ఆమెతో నాకు పని తక్కువ.

బళ్లో పంతుళ్లు చెబుతారు,
నాలుగో అంకంలో ఉత్తరం చదివాక ఒసోరియు మారతాడని.
అది రాస్తే మార్కులు పడతాయి.
అబద్ధం.
రెండో అంకంలో ఫిలిపా నాణేలు లెక్కపెడుతుంటే
అతనికి సంభాషణ లేని ఆ కాసేపట్లో
కుడి మడమ నేల మీంచి లేస్తుంది,
గుమ్మం వైపు వెళ్దామనుకున్నవాడి మడమ.
వెళ్లడు. మళ్లీ దించేస్తాడు.
ఉత్తరం రావడానికి ఇంకా రెండంకాలుంది.
మనిషి అప్పటికే బయల్దేరాడు.

ఆ మడమ పుస్తకంలో లేదు.
బల్తజార్ ముప్పై ఏడేళ్ల వయసులో
మొదటిసారి ఈ వేషం కట్టినప్పుడూ లేదు.
అప్పట్లో చొక్కా మార్చినట్టు మారేవాడు,
ఉత్తరం చదవడం, మోకాళ్ల మీద దబ్బున పడడం,
పైబాల్కనీ దాకా చప్పట్లు.
తమ్ముడితో మాటల్లేకుండా తొమ్మిదేళ్లు గడిచి
ఆ తమ్ముడు పోయిన ఏడు,
మడమ తనంతట తానే లేచింది.
నేను అడగలేదు. ఆయనకి తెలుసో లేదో కూడా.

ఫిలిపా సంగతి వేరు.
మొదట్లో పావురం గోళ్లలా లోపలికి తిరిగిన బొటనవేళ్లు.
మూడో అంకంలో అన్న "ఇక నువ్వే చూసుకో" అన్నప్పుడు
అవి నిటారవుతాయి.
అయిదో అంకంలో ఒసోరియు బూట్లు విడిచి, తాళాలు అప్పగిస్తుంటే
హాలంతా ముక్కు చీదుతుంది, అతని కోసం.
నేను గ్రసియెట్ బూట్లు చూస్తాను.
గుత్తి నడుముకి చేరీ చేరగానే చప్పుడు నేర్చుకుంటాయవి.
టక్. టక్.
మొదటి అంకంలో అన్నగారివి అచ్చం ఇవే.
బయట కూలివాడి పెళ్లాం మళ్లీ వస్తుంది.
"రేపు రమ్మనండి" అంటుంది ఫిలిపా.
ఒసోరియు "తలుపు తెరు" అంటాడు. తెరవదు. తెర.

పోయిన శుక్రవారం బల్తజార్ ఆ రెండు మాటలూ మరిచిపోయాడు.
నా నాలుక చివరే ఉన్నాయి.
ఒక ఊపిరి. రెండు. హాల్లో ఎవరో దగ్గారు.
ఆయన వంగి గూట్లోకి చూశాడు,
ఇన్నేళ్లలో నాకు మొదటిసారి ఒక ముఖం.
ఇవ్వలేదు. ఎందుకంటే ఏం చెప్పను?
ముఖం ఒట్టి చేతులతో వచ్చింది, అంతే.

మేజోళ్లున్న పాదాలు నా ముందు నుంచే నడిచాయి,
గుత్తి పక్కనుంచి, మేకు దాటి,
గుమ్మం అవతల ఆ చెప్పుల్లేని పాదాల పక్కన
చతికిలబడ్డాయి.
గ్రసియెట్ బూట్లకి దారి తోచలేదు.
అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు గనక
ఇది చూసింది నేనొక్కదాన్నే:
ఎడమ మడమ, వేలెడు, లేచింది.

దర్శకుడు నా జీతంలో పది శాతం కోశాడు. న్యాయమే.
పుస్తకంలో ఆ మాట పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టుకున్నాను.
రేపు రాత్రి మళ్లీ ఆట.
మరిచిపోతే అందిస్తానో లేదో
ఇప్పుడే చెప్పలేను.