బజ్జీల కాగితం మీద బిల్లు

పాలకొల్లు బస్టాండు వెనక
వేడి వేడి మిరపకాయ బజ్జీలు నాలుగు
పాత పేపరులో చుట్టిచ్చింది మంగాయమ్మ.
అచ్చు సిరా కడుపులోకి పోకూడదని రూలుంది.
ఆ రూలు కూడా నేను
ఓ బజ్జీల కాగితం మీదే చదివాను.

తిన్నాక చూస్తే ఇవాళ్టి వార్త ఇదీ:
తిండి మీద నిఘాకి ఇక ఒకటే శాఖ, ఒకటే గొడుగు,
సభ ముందుకి కొత్త బిల్లు.
ఎప్పట్నుంచి అన్నచోట
నూనె దిగి
వెనక పేజీలో సినిమా బొమ్మ కనపడుతోంది.

ఇరవై రెండేళ్లుగా శాంపిళ్లు మోస్తున్నానండి నేను.
ఆఫీసరు గారు లక్క కరిగించి సీలేస్తే
డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సెక్కుతాను.
ఓ రోజు నెయ్యి, ఓ రోజు పసుపు, ఓ రోజు చేప.
ఆకివీడు దాటేసరికి ఐసు నీళ్లవుతుంది,
ఏలూరులో దిగేసరికి ఆ నీళ్లు నా ప్యాంటు మీద.
పక్క సీటాయన ముక్కు మూసుకుని
మెల్లగా నా ఇంటిపేరు అడుగుతాడు.

మొన్న వానాకాలం
ఓణీల ఫంక్షనులో ముప్పై నలుగురు
రొయ్యల ఇగురు తిని ఆసుపత్రి వరండాలో వరసగా పడుకున్నప్పుడు
రొయ్య ఎవరిదన్న ప్రశ్న వచ్చింది.
చెరువులో ఈదినంతసేపూ చేపల ఆఫీసుదట,
చెరువులో పోసిన మందు మరొకరిదట,
ఐసు ఫ్యాక్టరీ గడప తొక్కితే పరిశ్రమలదట,
ఐసయిన నీళ్లు పంచాయతీవట,
కాటా మీదున్న అర నిమిషం తూనికలు కొలతలదట.
మూకుట్లో పడ్డాకే మాది.
అప్పటికి మూకుడు కడిగేశారు.

అయిదు ఆఫీసుల ఉత్తరాలు అయిదు
ఒకదాని వైపు ఒకటి వేలు చూపించుకున్నాయి.
వాటిని తిప్పిందీ నేనే, సైకిలు మీద.
ఓణీ కట్టుకున్న పిల్ల
పదకొండు రోజులు సెలైను సీసా కింద ఉంది.
ఆ సీసా మీద మాత్రం
తారీకు, బ్యాచి నెంబరు, అన్నీ అద్దంలా ఉన్నాయి.

బిల్లు మంచిదేనండి, కాదనను.
ధవళేశ్వరం దిగాక గోదారి ఎన్ని పాయలైనా
మునిగినవాడు తాగేది నీళ్లే.
గౌతమిలో పోయావా, వశిష్ఠలో పోయావా అని
శవాన్ని ఎవరడుగుతారు?

కాగితం పట్టుకెళ్లి
బొమ్మిడి నూకరత్నానికి చదివి వినిపించాను.
పదహారేళ్లుగా షెడ్డులో రొయ్యలు ఒలుస్తోంది.
ఐసుకీ క్లోరినుకీ వేళ్ల మీద గీతలు అరిగిపోయి
రేషను మిషను ఆమెని గుర్తుపట్టడం మానేసింది.
పై దేశం వద్దని తిప్పి పంపిన సరుకు
ఏ సంతలో తేలుతుందో ఆమెకి తెలుసు.

"ఒకటే ఆపీసా? బాగానే ఉంది.
తలుపెక్కడుంటాది?"
పేపరు అటూ ఇటూ తిప్పాను. రాయలేదు.
"ఇన్నాళ్లూ పనవ్వకపోయినా
అయిదు చోట్ల తిట్టొచ్చేదాన్ని.
ఇక ఒక్కచోటే తిట్టాలన్నమాట,
అదీ బస్సు ఛార్జీ పెట్టుకుని."

మాట్లాడుతూనే బుట్టలోంచి ఓ రొయ్య తీసి
మెడ దగ్గర చిదిమి, వాసన చూసి
పక్కన పడేసింది.
ఇంకోటి. అదీ పక్కకే.
ఆమె ముక్కుకి శాఖల్లేవు,
ఆ పనికి సీలూ లేదు, జీతమూ లేదు.
మూడోది చాలాసేపు చూసి
"దీన్ని నేనైతే నా మనవడికి పెట్టను,
మీవోళ్లు పాసు చేస్తారేమో" అంది.

రేపు ఆరున్నర బస్సుకి పాల శాంపిలుంది.
ఐసు డబ్బా మూత వదులైపోయిందని
ఎన్నిసార్లు రాసినా కొత్తది రాలేదు.
ఆ కాగితాన్నే నాలుగు మడతలు పెట్టి
సందులో కుక్కాను.

ఆకివీడు దాకా ఆగుతుందేమో చూడాలి.