డాంగిల్

రాజోలు బస్టాండుకి ఎదురుగా మెట్లెక్కితే
నా డీటీపీ గది.
మూడు కంప్యూటర్లు. రెండు కొత్తవి.
అన్నం పెట్టేది మాత్రం మూడోదే.

దాని వీపున అగ్గిపెట్టెంత డాంగిల్
ఇరవై అయిదు సూదులతో కరుచుకుని ఉంటుంది.
పీకితే తెలుగు తెరుచుకోదు.
అందులో చేసిన ఫైలు వేరేదాంట్లో తెరిస్తే
ఒత్తులు ఓచోట, గుడులు ఓచోట,
శుభలేఖలో పెళ్లికూతురి పేరు
పురుగు కొట్టిన ఆకు.

అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.
ఆ నంబరుకి ఫోన్ చేస్తే
ఎవరో టైల్స్ కొట్టాయన ఎత్తుతాడు.
తాళం వేసినవాడు పోయాడు,
తాళం ఇంకా డ్యూటీ చేస్తోంది.

అంతర్వేది వైపు నుంచి ఉప్పుగాలి
రోజూ వస్తుంది, టిక్కెట్టు లేకుండా.
మదర్‌బోర్డు రాగిగీతలకి పచ్చటి చిలుం పట్టిస్తుంది.
ఆదివారాలు టూత్‌బ్రష్షూ స్పిరిట్టూ పట్టుకుని
దాని పళ్లు తోముతాను.
కెపాసిటరు ఉబ్బితే మార్చాను,
ఫ్యాను కూస్తే కుట్టుమిషను నూనె వేశాను.
"దీనికి పింఛనిచ్చెయ్యండక్కా" అంటుంది హెప్సిబా.

అదే ఫోన్లో వార్తలు చదివి వినిపిస్తుంది:
కొత్త చిప్పు వచ్చిందంట,
మెమరీ ధర మళ్లీ లేచిందంట,
ఆ కంపెనీ ఈ కంపెనీని మింగిందంట.
నేను 'స్వస్తిశ్రీ చాంద్రమాన' కొడుతూ ఊఁ కొడతాను.
పులస ధర చెప్పినా ఇలాగే ఊఁ కొడతాను.
కొనేది లేనప్పుడు ఏ ధరైనా కథే.

కొత్తవాటిది ఇంకో గొడవ.
వాటి సాఫ్ట్‌వేరు కొనడానికి దొరకదు, నెలనెలా కట్టాలి.
మొన్న శ్రావణంలో ముహూర్తాలు ముంచుకొస్తుంటే
బ్యాంకు కార్డు గడువు దాటి డబ్బు కదల్లేదు.
తెర బూడిదరంగైపోయింది.
నేను గీసిన బొమ్మలే, నా డిస్కులోనే,
అద్దాల బీరువాలో పెట్టి చూపించింది:
చూడు, ముట్టుకోకు.

అప్పుడే వచ్చారు కడలి ఏడుకొండలు గారు,
లంకలో ఎకరంన్నర కౌలుకి చేసే మనిషి,
మనవరాలి ఓణీల కార్డు కోసం.
ఏంటమ్మా అలా ఉన్నావంటే
ఒప్పందం తెలుగులో చెప్పాను:
మీకిది అమ్మడం లేదు,
వాడుకోనిస్తున్నాం అంతే,
ఎప్పుడైనా ఆపేస్తాం,
మీ నష్టం మాకు పట్టదు.

ఆయన తువ్వాలు దులిపి నవ్వారు.
"ఆయ్, ఇది కౌలే కదండి!
కాకపోతే మా ఆసామి వరదొచ్చిన ఏడు
నాలుగు బస్తాలు తగ్గించుకుంటాడు.
ఈడికి వరదంటే తెలీదు."

నలభై పేజీలకి నేను కళ్లు మూసుకుని
'అంగీకరిస్తున్నాను' నొక్కాను.
ఆయన వేలిముద్ర మనిషి. ఒక్క ముక్కలో చదివేశారు.

ఆ రాత్రే హెప్సిబా రెండో కంప్యూటర్లో
ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేరేదో ఎక్కించింది.
ఊరికే వచ్చినదంటే నాకు అనుమానం,
కొట్లో కొసరేస్తే త్రాసు వైపు చూసేదాన్ని.
చూశాను. దొరికింది తప్పు.
'లక్ష్మి'లో మ వత్తు జారి
కింది లైను నెత్తినెక్కింది.
లక్ష్మి లేకుండా ఈ సీమలో పెళ్లి కార్డుంటుందా?

"దిద్దుకోవచ్చక్కా, ఎవరైనా" అంది.
దిద్దుకోవచ్చా? ఎవరిని అడగాలి?
ఎవరినీ అక్కర్లేదంట.
రెండు రాత్రులు కూర్చుని ఆ పిల్ల
వత్తుని వెంట్రుకవాసి పైకి లాగింది,
చేసినవాళ్లకి పంపింది.
వాళ్లు ధన్యవాదాలన్నారు, పేరు కలిపారు.
ఇప్పుడు ఎవరెవరి తెరల మీదో
మలికిపురం పిల్ల గీసిన మ వత్తు
సరిగ్గా కూర్చుంటోందంట.

నాకింకా పూర్తి నమ్మకం కుదరలేదు.
ఏడుకొండలు గారి కార్డు మాత్రం అందులోనే చేశాం.
పైసలు సగమే ఇచ్చారు, మిగతాది దాళవా కోతకంట.
సరేనన్నాను. నాకు వరద తెలుసు.

ఇవాళ ఆదివారం.
మూడోది గురక పెడుతోంది.
టూత్‌బ్రష్షు ఎక్కడ పెట్టానో.